వణకని వేళ్లు

చలి ఎరుగని నగరంలో శాలువాకు దక్కే మర్యాద, మంచు ముంచెత్తే ఏ దేశంలోనూ దానికి దక్కదు. అక్కడ మనిషి దానిని తానే కప్పుకుంటాడు. ఇక్కడ నలుగురి ఎదుట కప్పించుకోవాలి. భుజాల మీద పడిన మరుక్షణం ఆ మనిషి రెండు చేతులూ అది జారిపోకుండా పట్టుకునే బాధ్యతలో మునిగిపోతాయి. అటుపిమ్మట అవి మరే పనికీ అక్కరకు రావు. ఒక మనిషిని ఇంత మెత్తగా, ఇంత అందంగా, చప్పట్ల మధ్య పని మాన్పించే సాధనాన్ని మానవజాతి ఇంతవరకు మరొకటి కనిపెట్టలేదు.

ఈ సత్యం సామ్ సుందర్‌కు మంగళవారం మధ్యాహ్నం, ఆబిడ్స్‌లోని ఒక బట్టల దుకాణంలో, గల్లా ముందు నిలబడి ఉండగా బోధపడింది. అతడు రోడ్డుకు అవతలి కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగించే పనివాడు. చర్చి కమిటీ పురమాయిస్తే భోజన విరామాన్ని త్యాగం చేసి వచ్చాడు. త్యాగాలు చేయవలసిన పరిస్థితిలోనే ఉన్నాడు.

"ఎవరికి సార్?" అన్నాడు దుకాణదారు శ్రీహరి.

"ఒక పెద్దాయనకు."

"ఉన్నడా?"

"ఏంది?"

"అంటే, మనిషి ఉన్నడా అని. ఫొటోకైతే గీ రకం నడుస్తది, ఉతుకుడు ఉండదు. ఉన్నోళ్లకైతే జర మంచిది చూపెడ్త."

"ఉన్నడు. మంచిగనే ఉన్నడు."

"రిటైర్ అయితున్నడా?"

"అయితున్నడు" అన్నాడు సామ్ సుందర్. 'ఆయనకే ఇంకా తెల్వదు' అన్న మాటను మాత్రం మింగేశాడు.

"అయితే మెరూన్ తీస్కోన్రి. రిటైరయ్యెటోళ్లకు మెరూనే నడుస్తది."

"వాళ్లకు ఇష్టమా?"

"వాళ్లనెవరు అడుగుతరు సార్? ఇచ్చెటోళ్లకు ఇష్టం."

సామ్ సుందర్ మెరూన్ శాలువానే తీసుకున్నాడు. సంచి అంచును వేలికి చుట్టుకొని, విప్పి, మళ్లీ చుట్టుకుంటూ రోడ్డు దాటాడు.

ఆ శాలువా ఎర్నెస్ట్ గారిది. రైల్వే పార్సిల్ ఆఫీసులో రిటైరైన ఎర్నెస్ట్ గారు మాండొలిన్ వాయిస్తారు. అమెరికా కొండప్రాంతాల రైతులు పొలం పని ముగిశాక వాయించుకున్న సంగీతం ఒకటుంది. దాని పేరు బ్లూగ్రాస్. వాద్యాల గడప విద్యుత్తును తొక్కనివ్వని మడి దానిది. ఆ మడిని ఆ కొండల్లో ఇప్పుడు ఎంతమంది పాటిస్తున్నారో తెలియదు గాని, నాంపల్లి స్టేషన్ వెనక ఇద్దరు మాత్రం దాదాపు పదేళ్లుగా పాటిస్తున్నారు. ఎర్నెస్ట్ గారి మాండొలిన్, సామ్ సుందర్ చెక్క గిటార్. ఇద్దరికీ గురువు లేడు, క్యాసెట్లే గురువులు. చర్చి వార్షికోత్సవంలో ఏటేటా వీరి పాట ఉంటుంది. ఇద్దరికీ కలిపి ఒకే మైకు. వంతు వచ్చినవాడు ముందుకు జరిగి వాయిస్తాడు, వంతు అయిపోగానే వెనక్కు జరిగి రెండోవానికి దారి ఇస్తాడు. ధ్వనిని తగ్గించే మీట వాళ్లకు లేదు, కాళ్లే మీటలు.

అట్లాంటి సామ్ సుందర్‌ను గత ఆదివారం ఆరాధన తర్వాత చర్చి యువకుల బ్యాండు వాళ్లు ఒక మూలకు పిలిచి, "అంకుల్, ఈసారి యానివర్సరీకి మాతోని ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తరా?" అన్నారు. పెళ్లికి ముందు అతడు వాయించినది అదే. అడుగుతారని కలలో కూడా అనుకోలేదు. అడిగినవాళ్ల నోట మాట పూర్తి కాకుండానే ఔనన్నాడు. ఆ వెంటనే జరిగిన కమిటీ మీటింగులో సంగీత కమిటీ పెద్ద, మాజీ హెడ్‌మిస్ట్రెస్ ఇవాంజెలిన్ టీచర్, "ఈసారి ఎర్నెస్ట్ గారి ఐటం పెట్టకుండ సన్మానం చేద్దామనుకుంటున్నం. ఆయనకేం బాధ కాదు గదా సామ్ సుందర్?" అన్నది.

ఒక్క క్షణం. ఆ క్షణంలో సామ్ సుందర్ మనసులో, ఒకే కార్యక్రమంలో తాను ఒక వైపు చెక్క గిటార్‌తోను మరో వైపు కరెంటు గిటార్‌తోను ఎర్నెస్ట్ గారి కంటపడే దృశ్యం మెరిసింది. ఆ దృశ్యం రాకుండా ఉండడానికి ఒక దారి దొరికింది.

"ఏం కాదు టీచర్. ఆయనే అంటున్నడు, వేళ్లు వణుకుతున్నయని."

ఎర్నెస్ట్ గారు ఎన్నడూ అట్లా అనలేదు. ఆయన వేళ్లు ఎన్నడూ వణకలేదు.

మంగళవారం సాయంత్రం చిరాగ్ అలీ లేన్‌లోని ఇంట్లో సామ్ సుందర్ స్టూలెక్కి బీరువా మీదినుంచి ఒక పొడవాటి మూటను దించాడు. భార్య ప్రేమలీల పాత చీరలో చుట్టిన నల్ల గిటార్ అది. చీర విప్పుతుంటే దుమ్ము లేచి ఇద్దరూ తుమ్మారు.

"మన పెండ్లైన ఏడాది పైకెక్కింది" అన్నది ప్రేమలీల, చేటలో బియ్యం ఏరుతూ. "మళ్లీ ఇప్పుడు దిగింది. సవతితోని ఎట్ల మాట్లాడాల్నో చెప్పున్రి."

"సవతేంది? చర్చి పనే గదా."

"ఎర్నెస్ట్ అంకుల్‌కు చెప్పిన్రా?"

"చెప్త. జర ట్యూన్ కానియ్యి."

"దానికా, మీకా?"

సామ్ సుందర్ తుప్పుపట్టిన తీగలను ఒక్కొక్కటిగా సడలించి, కత్తిరించి, కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. వెనకపలక మరలు విప్పాడు. శబ్దాన్ని పెంచే మీటను తిప్పితే లోపల నూనెలో ఆవాలు వేసినట్లు చిటపటలాడింది; దానిలోకి తుప్పు వదిలించే మందు కొట్టి, పది పదిహేనుసార్లు అటూ ఇటూ తిప్పాడు. వైరు దూర్చే చోట ఊడిన అతుకును, కళ్లద్దాల చట్రాల మీద పనికి వాడే చేతి ఒడుపుతోనే, ఒక్క బొట్టు సీసంతో అతికించాడు. కొత్త తీగలు బిగించాడు. చెక్క గిటార్ తీగలతో పోలిస్తే అవి వెంట్రుకలు.

అన్ని తీగలనూ యంత్రం సాయంతో శ్రుతి చేశాడు. విడిగా మీటితే ప్రతి తీగా పరమపవిత్రంగా పలికింది. మెట్టు మీద వేలు పెట్టి నొక్కగానే స్వరం పక్కకు తొలగి, రవ్వంత పైకి, పట్టుబడ్డ దొంగ గొంతులాగా పలికింది. మళ్లీ శ్రుతి చేశాడు. మళ్లీ అంతే. గిటార్ మెడ వంగిందా అని కంటి దగ్గర పెట్టుకొని దీపానికి ఎదురుగా చూశాడు. వంగలేదు.

చాలాసేపటికి తెలిసింది. తప్పు వాద్యానిది కాదు. పదేళ్లు లావుపాటి కంచు తీగలను మేకులు దిగగొట్టినట్టు నొక్కిన చెయ్యి, ఈ సన్నతీగలను కూడా అదే బలంతో నొక్కుతున్నది. ఆ బలానికి తీగ సాగి స్వరం ఎగబాకుతున్నది. ఎర్నెస్ట్ గారు పెట్టిన బలమది. "గట్టిగ పట్టుకో సామూ, మైకు దూరముంటది" అని ఆయన నేర్పిన పట్టు. ఇప్పుడు దానిని విప్పుకోవాలి. సామ్ సుందర్ కళ్లు మూసుకొని, నిద్రపోతున్నవాని నుదుటిని తాకినట్టు వేలిని తీగమీద ఆనించాడు. స్వరం సరిగ్గా పలికింది. అతడు సంతోషించాడు, సంతోషించినందుకు వెంటనే సిగ్గుపడ్డాడు.

బుధవారం సాయంత్రం సాధనకు వెళ్లకపోతే అనుమానం వస్తుంది, అందుకని వెళ్లాడు. ఎర్నెస్ట్ గారి వాటాకు ముందున్న వరండాలో, రంగు డబ్బాలో ఇసుక పోసి నిలబెట్టిన చీపురుకర్ర ఒకటుంటుంది. మైకు స్థానంలో అది. పదేళ్లుగా వాళ్ల కళ ఆ చీపురుకర్రకు అటూ ఇటూ వికసించింది.

ఎర్నెస్ట్ గారు మెడదాకా గుండీలు పెట్టుకొని ఎదురుచూస్తున్నారు. చేతిలో మాండొలిన్ నూనె గుడ్డతో తుడిచి తుడిచి అద్దంలా ఉన్నది.

"టీచరమ్మ ఫోన్ చేసింది సామూ. నాకు సన్మానమంట!"

"ఔనా అంకుల్."

"ఏం ఔనా? ఎగిరి గంతెయ్యవేందిరా? నలభై ఏండ్లు పార్సిళ్లు మోయించిన, ఎవడు ఒక్క దస్తీ కూడ ఇయ్యలె. వీళ్లు శాలువా ఇస్తున్నరు."

"చాలా మంచిది అంకుల్."

"మరి వాయించుడు శాలువాకు ముందా, వెనకా అని అడిగిన. చూస్తం అన్నది. చూస్తమంటే ఏందో మరి. ముందే వాయిద్దాం. కప్పినంక చేతులెట్ల ఆడ్తయి?"

సామ్ సుందర్ గిటార్ సంచి జిప్పును సగందాకా తీసి, అక్కడే ఆపి, ఏదో ఇరుక్కున్నట్టు కాసేపు దానితో పెనుగులాడాడు. ఏమీ ఇరుక్కోలేదు.

మొదలుపెట్టారు. ఎర్నెస్ట్ గారు ఒక పాత కీర్తన వరుసను బ్లూగ్రాస్ పరుగులోకి దూకించారు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వదులై, జంటతీగల మీద తేనెటీగ రెక్కలా కొట్టుకున్నది. ఒక్కొక్క స్వరం వేయి ముక్కలై, ముక్కలన్నీ కలిసి మళ్లీ ఒక్కటిగా నిలిచింది. తన వంతు ముగించి ఆయన వెనక్కు జరిగారు. సామ్ సుందర్ ముందుకు రావాలి. రాలేదు. నిలబడ్డచోటనే, పక్కింటివాళ్లకు తెలియకుండా దొంగిలిస్తున్నంత మెల్లగా వాయించాడు.

"ముందుకు రారా! చీపురు కరుస్తదా?"

ఒక అడుగు వేశాడు.

"అన్నం తిన్నవా లేదా? తీగను నొక్కుతున్నవా, నిమురుతున్నవా?"

"వేలు నొస్తుంది అంకుల్."

ఇది రెండో అబద్ధం. ఈసారి వేలు తనదే కావడం కొంత నయం. ఎర్నెస్ట్ గారు మాండొలిన్‌ను కుర్చీలో పెట్టి లోపలికి వెళ్లి, కొబ్బరినూనె సీసా తెచ్చి, సామ్ సుందర్ ఎడమచేతిని తన మోకాలిమీద పెట్టుకొని నాలుగు వేళ్ల కొసలకూ నూనె రాశారు.

"ఆదివారం దాంక జర మంచిగ చూస్కో దీన్ని. నా సన్మానం నీ చేతిల ఉన్నది."

సామ్ సుందర్ ఇంటికి నడిచి వెళ్లాడు. నూనె వేళ్లతో దేనినీ పట్టుకోలేక గిటార్ సంచిని భుజానికి వేలాడదీసుకొని, చేతిని గాయమైనవాడిలా ఎత్తిపట్టుకొని నడిచాడు.

శుక్రవారం చర్చి హాలులో యువకులతో రిహార్సల్. డ్రమ్స్ మీద సిద్ధార్థ్, కీబోర్డు మీద భవ్యశ్రీ. ఇద్దరి వయసూ కలిపితే సామ్ సుందర్ వయసుకు చాలదు. ప్లగ్గు పెట్టి మీట తిప్పగానే ఆ నల్ల గిటార్ నుంచి వచ్చిన మొదటి శబ్దానికి కిటికీ అద్దాలు సన్నగా వణికాయి.

పాట నడుమ అతని వంతు వచ్చింది. వాయించాడు. వంతు ముగిసింది. పదేళ్ల శిక్షణ ప్రకారం అతడు వినయంగా వెనక్కు జరిగాడు. శబ్దం ఏమాత్రం తగ్గలేదు. ఇంకొక అడుగు జరిగాడు. గిటార్ అంతే ఘనంగా మోగుతూనే ఉన్నది. కంగారుపడి మూడో అడుగు వేశాడు. వీపు తగిలి సిద్ధార్థ్ పక్కనున్న ఇత్తడి సింబల్ పళ్లెం స్టాండుతో సహా నేలమీద పడి, వార్షికోత్సవానికి తగిన ఆర్భాటంతో మోగింది.

"ఏడికి పోతున్నరు అంకుల్?"

"మీ సౌండుకు దారి ఇస్తున్న."

"గా నాబ్ తిప్పితే అయిపోతది గదా. ఉన్న కాడ్నే ఉండున్రి."

ఉన్నచోటనే ఉన్నాడు. అసలు నేరం అప్పుడు జరిగింది. పాట చివర అతడు ఒక స్వరాన్ని, మంగళవారంనుంచి సాధన చేసిన ఆ మెత్తని స్పర్శతో, తాకి వదిలేశాడు. చెక్క గిటార్ మీద స్వరం పుట్టగానే చచ్చిపోతుంది. అందుకే బ్లూగ్రాస్ అంత పరుగెడుతుంది. ఇది చావలేదు. హాలు చివరిదాకా వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, తీరిగ్గా తిరిగివచ్చింది. సామ్ సుందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లికి ముందు ఒక గదిలో తలుపులేసుకొని దీనికోసమే కదా తాను వేళ్లు కోసుకున్నది. అబద్ధం చెప్పినందుకు ఇన్నాళ్లూ బాధపడ్డాడు. ఆ అబద్ధం కొనిపెట్టిన వస్తువు ఇంత బాగుండడం మాత్రం అతడు భరించలేకపోయాడు.

శనివారం సాయంత్రం ఎర్నెస్ట్ గారిని నాంపల్లి స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్‌కు పిలుచుకొని వెళ్లాడు. ఛాయ్ వచ్చింది. ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. ఎర్నెస్ట్ గారు బిస్కెట్‌ను ఛాయ్‌లో ముంచి, విరగకముందే నోటిదాకా తెచ్చే నైపుణ్యంలో ఉండగా, సామ్ సుందర్ అంతా చెప్పేశాడు. గిటార్ సంగతి, మీటింగు సంగతి, తానన్న మాట, శాలువా అసలు అర్థం. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని తెలిసి ఊపిరి తీయకుండా చెప్పాడు.

బిస్కెట్ విరిగి ఛాయ్‌లో పడింది. ఎర్నెస్ట్ గారు దానిని చెంచాతో పైకి తీసే ప్రయత్నం చేయలేదు.

"ఎడమ చెయ్యా, కుడి చెయ్యా?"

"ఏంది అంకుల్?"

"వణుకుతున్నదన్నవు గదా. ఏది?"

"చెప్పలే. ఉత్తగ వేళ్లన్న."

"చెప్పాల్సిండె. మాండొలిన్ల కుడిచెయ్యి వణుకుడే వాయించుడు. వణక్కుంటే స్వరం టక్కుమని సస్తది. ఎడమదంటె వేరే సంగతి. టీచరమ్మ ఏది అనుకున్నదో ఏమో." ఆయన తన ఎడమచేతిని పాలరాతి బల్లమీద పరిచారు. దానివంక చూశారు. సామ్ సుందర్ కూడా చూశాడు. ఆ చెయ్యి రాయిలా కదలకుండా ఉన్నది. అయినా ఎర్నెస్ట్ గారు దానిని అట్లాగే చాలాసేపు కనిపెట్టి చూసి, తీసి జేబులో పెట్టుకున్నారు.

"కరెంటు గిటార్ మంచిగుందా?"

"ఉంది అంకుల్."

"శానా మంచిగుందా?"

సామ్ సుందర్ తలవంచుకొని ఔనన్నాడు.

"మరి గదే చెప్తే అయిపోతుండె గదరా. నాకు కరెంటు గిటార్ వాయించాలనుంది అంకుల్ అంటే, పోరా అంటుంటి. రెండు తిట్లు తిడ్తుంటి, అయిపోతుండె. నడుమల నా వేళ్లెందుకు తెచ్చినవ్?"

పక్క బల్ల దగ్గర ఎవరో ఇంకో ఛాయ్ అడిగారు. ఎర్నెస్ట్ గారు లేచి, కుడిచేత్తోనే టోపీ సర్దుకున్నారు. ఎడమచెయ్యి జేబులోంచి రాలేదు.

"పొయ్యి టీచరమ్మకు చెప్పు. నన్ను వాయించనియ్యుమని అడుక్కోకు. నా వేళ్లకేం కాలేదని చెప్పు. గంతే."

ఇవాంజెలిన్ టీచర్ ఇల్లు చర్చి కాంపౌండు వెనకనే. నాంపల్లినుంచి ఆబిడ్స్‌దాకా ఆ కొద్ది దూరంలో సామ్ సుందర్ ఒక మహోపన్యాసం సిద్ధం చేసుకున్నాడు. దానిలో సత్యం, ప్రాయశ్చిత్తం, కళాకారుని గౌరవం అన్న పదాలు సమపాళ్లలో ఉన్నాయి. చివర ఒక త్యాగం కూడా ఉన్నది.

టీచర్ వంటింట్లో గులాబీ పువ్వులు చేస్తున్నది. పువ్వు ఆకారపు ఇనుప అచ్చును పిండిలో ముంచి, కాగే నూనెలోకి దించి, మెల్లగా ఊపితే పువ్వు అచ్చును వదిలి తేలుతుంది.

"లోపలికి రా సామ్ సుందర్. గా పళ్లెం జర ఇటు జరుపు."

పళ్లెం జరిపాడు. ఉపన్యాసంలో పళ్లేనికి తావు లేకపోవడంతో తొలి వాక్యాలు చెదిరిపోయాయి.

"టీచర్, నేను మీకు అబద్ధం చెప్పిన. ఎర్నెస్ట్ అంకుల్ వేళ్లు వణకవు. ఆయన ఎన్నడూ అట్ల అనలె. నా స్వార్థానికి నేనే కల్పించి చెప్పిన."

"ఎప్పుడు చెప్పినవ్?"

"మొన్న మీటింగుల. మీరడిగితే."

టీచర్ అచ్చును ఊపుతూ గుర్తు తెచ్చుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించింది. "ఏమో బాబూ, యాదికి లేదు. గా మీటింగుకు రెండు దినాల ముందే అయిపోయింది గది. వంటాయనతోని వచ్చింది తకరారు. బిర్యానీ గిన్నెలు భోజనాలు కాంగనే వాపస్ ఇచ్చెయ్యాలంట, సాయంత్రం ఆయనకు ఇంకో పెండ్లి ఉందంట. ప్రోగ్రాం జల్ది ముగియాలంటే ఏదో ఒక ఐటం తీసెయ్యాలె. ఎర్నెస్ట్ గారు మొదలుపెడ్తే ఆగరు గదా. ఉత్తగ తీస్తే బాగుండదని శాలువా అనుకున్నం."

"మరి నన్నెందుకు అడిగిన్రు?"

"కమిటీ అన్నంక అడగాలె గదయ్యా."

సామ్ సుందర్ గోడకు ఆనుకున్నాడు. దాదాపు వారం రోజులుగా అతడు మోస్తున్న పాపానికి ఈ లోకంలో చిరునామా లేకుండా పోయింది. తాను ఒక వృద్ధ కళాకారుని గొంతు నులిమాననుకున్నాడు. ఆ సమయానికి అక్కడ తన చేతులు కాదు, ఎవరో వంటాయన గిన్నెలున్నాయి. తేలికపడవలసినవాడు, ఎందుకో, కొంచెం చిన్నబోయాడు. కాని పాలరాతి బల్లమీద పరచిన ఆ ఎడమచెయ్యి మాత్రం ఏ గిన్నెలకూ చెందదు. అది పూర్తిగా తనదే.

"టీచర్, శాలువా కప్పినంక ఆయనను రెండు మాటలు మాట్లాడమంటరు గదా?"

"అంటం."

"మాటలకు బదులు వాయిస్తే?"

ఒక పువ్వు తేలింది. టీచర్ దానిని చిల్లుల గరిటెతో తీసి పళ్లెంలో పెట్టింది. "వాయించనీ. మాట్లాడితేనే ఎక్కువ సేపు పడ్తది ఆయనకు. శాలువా కప్పుడు మాత్రం ఆఖరుకు పెట్టుకుందాం, చేతులు ఖాళీగుండాలె."

"నేను పక్కన చెక్క గిటార్ పట్టుకుంట. ఒక్క మైకు చాలు మాకు." ఇక త్యాగం వంతు. సామ్ సుందర్ వెన్ను నిటారు చేశాడు. "ఇంకొక మాట టీచర్. కరెంటు గిటార్ నేను మానేస్తున్న. రేపటినుంచి బ్యాండుల వాయించను. నాకు ఆ అర్హత లేదు."

"అయ్యో, రేపు వాయించకుంటె ఎట్ల? రేపొక్క దినమే గదా నిన్ను అడిగింది."

"ఒక్క దినమా?"

"పోరగాండ్లు చెప్పలేదా? గా జాగ వాళ్ల గిటార్ పోరడు రవికిరణ్‌ది." టీచర్ అచ్చును మళ్లీ పిండిలో ముంచింది. "వానికి పరీక్షలు నడుస్తున్నయి. సోమవారంతోని అయిపోతయి."